మొదటి గీత

విమానాన్ని గాల్లో నడపడం కంటే నేల మీద నడపడమే కష్టమంటే ఎవరూ నమ్మరు. ఆకాశంలో సందులూ గొందులూ ఉండవు, మలుపు దగ్గర తటపటాయిస్తే వెనకనుంచి విసుక్కునేవాడూ ఉండడు. నేల మీద ఇవన్నీ ఉంటాయి. అందుకే ఏ కొత్త ఊరికి వెళ్ళినా ఆమె ముందురోజు సాయంత్రమే లాడ్జి గదిలో మంచం మీద ఆ విమానాశ్రయం పటం పరుచుకుని, తాను వెళ్ళాల్సిన దారి ఎర్ర పెన్సిల్‌తో గీసుకునేది. తర్వాత కళ్ళు మూసుకుని ఆ దారినే వేలితో నడిచేది. రెండుసార్లు తప్పకుండా నడిస్తేనే భోజనానికి కిందికి దిగేది. పదకొండేళ్ళుగా ఇదే వరస. పది రోజులకో ఊరు, ఊరికో లాడ్జి, ప్రతి లాడ్జిలోనూ సరిగ్గా మూతపడని ఒక తలుపు.

ఆమె పనిచేసేది పైనుంచి నేలను ఫొటోలు తీసే ఒక సర్వే కంపెనీలో. నాలుగు సీట్ల విమానం, దాని పొట్టలో పెద్ద కెమెరా, వెనక సీట్లో ఆ కెమెరా చూసుకునే యాభై అయిదేళ్ళ మనిషి. కంపెనీలో అందరూ ఆయన్ని కెమెరా ఆయన అనేవాళ్ళు. ఆయన ఆమెను కెప్టెనమ్మా అని పిలిచేవాడు, సగం మన్ననగా, సగం వేళాకోళంగా.

ఆ ఊళ్ళో మొదటి ఉదయం ఆమె విమానం చుట్టూ తిరిగి, టైర్లు తడిమి, ఇంధనం చూసుకుని ఎక్కి కూర్చుంది. టవరులోని కంట్రోలరు రేడియోలో దారి చెప్పాడు. మోకాలికి కట్టుకున్న కాగితాల మీద రాసుకుని, రాసుకున్నది తిరిగి చదివి వినిపించింది. ఎడమకు తిరిగి, పొడుగాటి దారి వెంట వెళ్ళి, కూడలి దాటి, రన్‌వే ముందు ఆగాలి. ఎర్ర పెన్సిల్ గీత చెప్పిందీ, కంట్రోలరు చెప్పిందీ ఒకటే కావడంతో ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

కదలగానే ఓసారి బ్రేకులు నొక్కి చూసుకుంది. ముక్కు చక్రం పసుపుపచ్చ గీత మీదినుంచి జారకుండా పాదాలతో సర్దుకుంటూ, మనిషి వడిగా నడిచేంత వేగంతో పోనిచ్చింది. చక్రాలు తిరుగుతున్నంతసేపూ ఆమె కాగితం వైపు చూడదు. చూడాల్సి వస్తే విమానం ఆపి చూస్తుంది. వెనకనుంచి కెమెరా ఆయన ఏదో జోకు మొదలుపెట్టబోయి, ఆమె చెయ్యెత్తడం చూసి మింగేశాడు. కూడలి దగ్గర తల రెండువైపులా తిప్పి, ఏదీ రావడం లేదని చూసుకుని దాటింది.

దాటగానే కనబడ్డాయి. నేల మీద అడ్డంగా రెండు నిండు గీతలు, వాటి అవతల రెండు తెగిన గీతలు, కొత్త రంగుతో నిగనిగలాడుతున్నాయి. నిండు గీతలు మనవైపు ఉంటే టవరు మాట లేకుండా దాటకూడదు. ఈ వృత్తిలో అది ఓనమాలతో పాటు నేర్పే సంగతి. అయితే అలాంటి గీతలే ఇంకో వంద అడుగుల అవతల కూడా ఉన్నాయి. వాటిని గీకేశారు గానీ నల్లటి మచ్చలు పోలేదు. రన్‌వే నంబరు రాసిన ఎర్ర బోర్డు మాత్రం ఇంకా ఆ పాత మచ్చల పక్కనే నిలబడి ఉంది. ఆమె దగ్గరున్న పటంలోనూ పాతదే ఉంది.

గీత ఒకచోట, బోర్డు ఒకచోట. అనుమానం వస్తే రన్‌వేకు దూరంగా ఉన్న గీతే గీత అని ఆమెకు విమానం నేర్పిన గురువు చెబుతూ ఉండేవాడు. కొత్త గీత ముందు ఆగి, రన్‌వే ముందు ఆగానని రేడియోలో చెప్పింది.

ఆమె వెనకే ఒక ప్రయాణికుల విమానం వచ్చి ఆగింది. ముందుకు రావడానికి చోటు లేక దాని ఒళ్ళంతా కూడలిలోనే ఉండిపోయింది. అప్పుడే దిగిన ఇంకో విమానం ఆ కూడలి గుండానే రన్‌వే మీదినుంచి బయటికి రావాలి. రాలేక, తోక రన్‌వే మీదే పెట్టుకుని నిలబడింది. కొంచెం ముందుకు జరగగలరా అని కంట్రోలరు ఆమెను అడిగాడు. గీత దగ్గరే ఉన్నానని ఆమె చెప్పింది. కంట్రోలరు ఒక్క క్షణం ఆగి, సరే అన్నాడు. ముందున్న బుల్లి విమానం నిద్రపోతోందా అని వెనక విమానం కెప్టెను అందరూ వింటుండగా అన్నాడు. ఈలోగా దిగడానికి వస్తున్న మూడోదాన్ని మళ్ళీ పైకి పంపేయాల్సి వచ్చింది. దిగేవాళ్ళు ఎవరూ లేరని ఖాయమయ్యాక కంట్రోలరు ఆమెతో, గీత దాటి బోర్డు దాకా రండి అని విడమరిచి చెప్పాడు. ఆమె జరిగింది, వెనకది జరిగింది, చిక్కుముడి విడిపోయింది. పైకి పోయిన విమానంలో నూట నలభై మంది ఎనిమిది నిమిషాలు ఊరి చుట్టూ ప్రదక్షిణ చేసి దిగారు.

ఆ తర్వాత నాలుగు గంటలు ఆమె పొలం దున్నినట్టు ఆకాశంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చాళ్ళు వేసింది. ఒక్క చాలూ వంకర పోలేదు.

దిగేసరికి కంపెనీ మేనేజరు ఫోను సిద్ధంగా ఉంది. ప్రయాణికుల విమానం వాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆగాల్సిన బోర్డుకు వంద అడుగుల ముందే ఎవరో దారి తెలియని పైలట్ ఆగిపోయిందని రాశారు. మేనేజరు కేకలు వేసే రకం కాదు, నూనె రాసినట్టు మాట్లాడతాడు. ఒక ఉత్తరం పంపుతున్నానని, రేపు సాయంత్రంలోగా సంతకం చేసి పంపమని, అప్పటిదాకా విమానం కదపొద్దని చెప్పాడు.

"చూడమ్మా, అడిగేది సంతకమే. ఆస్తులు రాసిమ్మనడం లేదు కదా. ఇవాళ తల వంచుకుంటే రేపు అందరూ మర్చిపోతారు."

లాడ్జి గుమాస్తా ఆ ఉత్తరం అచ్చు తీసి, చదివేశానని తెలిసేలా ముఖం పెట్టి చేతికిచ్చాడు. అందులో ఉన్నది ఒకటే వాక్యం. ఈ విమానాశ్రయానికి కొత్త కావడం వల్ల, తగిన సన్నద్ధత లేక, ఆగవలసిన చోటు గుర్తించలేకపోయాను. సన్నద్ధత లేక అన్న చోట ఆమె చూపు ఆగిపోయింది. మంచం మీద ఇంకా నిన్నటి పటం పరిచే ఉంది.

ఆ మాట మీద సంతకం పెడితే అది ఆమె రికార్డులోకి ఎక్కుతుంది. ఓ నెల్లాళ్ళ ముందైతే పళ్ళు కొరుక్కుని పెట్టేసేదేమో. ఇప్పుడు ఒక ఫ్లయింగ్ స్కూలు ఆమెను పాఠాలు చెప్పడానికి తీసుకోవాలనుకుంటోంది. అక్కడ ఉద్యోగమొస్తే ఒకే ఊరు, ఒకే గది, తన జేబులో తన తాళంచెవి. స్కూలు నడిపే పెద్దాయన ఈ వారం చివర్లో మీ కంపెనీని ఒక మాట అడిగి నిర్ణయం చెబుతానన్నాడు. పాఠాలు చెప్పేవాళ్ళ రికార్డులో ఆ మాట ఉంటే ఎవరు తీసుకుంటారు? సంతకం పెట్టకపోతే మేనేజరు ఆ ఒక మాటా ఎలా చెబుతాడో ఊహించడం కష్టం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రోజూ లాగే ఏడింటికి అక్క ఫోను చేసింది. తిన్నావా అని అడిగింది. అక్క కూతురు ఫోను లాక్కుని, పిన్నీ ఇవాళ ఏ ఊళ్ళో ఉన్నావు అంది. కొత్త ఊళ్ళో అని చెప్పింది. నీకు అన్నీ కొత్త ఊళ్ళేనా, పాత ఊళ్ళు లేవా అని పిల్ల నవ్వింది. ఆమె కూడా నవ్వి, అంతా బాగానే ఉందని చెప్పి పెట్టేసింది. చెప్పుకోవడానికి అక్క ఉండి కూడా చెప్పుకోలేకపోయినందుకు ఏడుపొచ్చింది.

మర్నాడు లాడ్జిలో కూర్చోలేక విమానాశ్రయానికే వెళ్ళింది. కట్టేసిన తన విమానానికి అద్దాలు తుడిచింది, నిన్న తుడిచినవే. ఆ పక్కనే ఒక మనిషి రంగు మిషను ముక్కు విప్పి, సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేసుకుంటున్నాడు. విమానాలు నిలిపే చోట గీతలు వేసే మేస్త్రి అతను. చాలాసేపు ఆమె వైపు చూసి, చివరికి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"నిన్న కొత్త గీత దగ్గర ఆగింది మీరేనా అమ్మా?"

ఆమె అద్దాలు తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. అవునంది.

"ఆ గీత నేనే వేశాను. మూడు నెలలైంది. ఇన్నాళ్ళకి దాని దగ్గర ఆగిన మనిషిని చూశాను."

అతను చెప్పుకుపోయాడు. ఈ ఊరికి పెద్ద విమానాలు రావడం మొదలయ్యాక, వాటి రెక్కలకు చోటు చాలదని గీతను వెనక్కి జరపమన్నారు. అతను కొలిచి, తాడు పట్టి, రెండు పూటలు పనిచేసి వేశాడు. బోర్డు జరపాల్సిన శాఖ వేరు, వాళ్ళకు ఇంకా తీరలేదు. కొత్త గీత దగ్గర ఆగితే వెనకొచ్చే విమానం కూడలిలో ఇరుక్కుంటుందని ఇక్కడి పైలట్లందరికీ తెలుసు. అందుకని గీతను చూడనట్టే దాటేసి పాత మచ్చ దాకా వెళ్ళిపోతారు. విమానాలు దిగుతుండగా గీత దాటమని టవరు రేడియోలో చెప్పడానికి వీల్లేదు, అన్నీ రికార్డవుతాయి. ముందుకు జరగగలరా అని మాత్రం అడుగుతుంది. అది ఇక్కడి వాడుక. గీత జరిపినట్టు తెలిపే కాగితం కూడా పైలట్ల గదిలో గోడకు ఉందన్నాడు. ఆమె పరుగున వెళ్ళి చూసింది. డ్యూటీ పట్టిక కింద సగం కనబడుతూ నిజంగానే ఉంది, తేదీతో, కొలతతో సహా.

ఆ సాయంత్రం ఆమె కాలు నేల మీద నిలవలేదు. లాడ్జి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కెమెరా ఆయనకు అంతా చెప్పింది. సంతకం పెట్టనని, టవరు మీద తనే ఫిర్యాదు రాస్తానని, కంట్రోలరు సంగతి తేలుస్తానని అంది. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు. గీత విషయంలో మీదే న్యాయమని ఒప్పుకున్నాడు. తర్వాత, ఫిర్యాదుకు అడ్డు చెప్పాలని కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"అక్కడ రెండు గీతలున్నాయని మీకు కనబడింది. ఏది అసలుదో అనుమానమూ వచ్చింది. మరి టవరును అడగలేదేం? అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా."

ఆమె దగ్గర జవాబు ఉంది. పదకొండేళ్ళుగా ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక పెద్ద విమానాశ్రయంలో దారి తప్పాననిపించి, ఇక్కడికి నేను కొత్త, కాస్త దారి చెప్పండి అని రేడియోలో అడిగింది. టవరు జవాబిచ్చేలోపే ఏదో విమానంలోంచి ఒక మగ గొంతు, వంటింటికైతే దారి తెలిసుండేది అంది. ఆ రేడియో మీద ఇరవై మంది పైలట్లు ఉండి ఉంటారు. ఒక్కరూ తప్పనలేదు, ఇద్దరు నవ్వారు. ఆ రోజే ఆమె ఎర్ర పెన్సిల్ కొనుక్కుంది. మళ్ళీ ఎన్నడూ ఎవరినీ దారి అడగలేదు, రేడియోలోనే కాదు, బజారులో కూడా. కొత్త ఊళ్ళో హోటలు దొరక్క ఒకటిన్నర గంట తిరిగిన రోజులున్నాయి.

కెమెరా ఆయనకు అది చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆమె ఆగిపోయింది. నిన్న టవరుతో తాను గీత దగ్గరే ఉన్నానంది, నిజమే. ఏ గీత దగ్గరో చెప్పలేదు. ఇక్కడ రెండున్నాయి, నేను మొదటిదాని దగ్గర ఉన్నాను, నా వెనక చోటు లేదు అన్న మూడు ముక్కలు నోటిదాకా వచ్చాయి. కొత్తదాన్నని బయటపడుతుందని మింగేసింది. పైకి పోయిన విమానంలో ఏ పసిపిల్లో హడలిపోయి ఏడ్చి ఉంటుంది. అన్యాయం జరిగిన మనిషికి తన తప్పు కనబడటమంత చేదు ఇంకోటి ఉండదు. టీ చల్లారిపోయినా ఆమె గ్లాసు వదల్లేదు.

గదికొచ్చి మేనేజరు ఉత్తరాన్ని పక్కన పెట్టి, తన చేత్తో తను రాసింది. రెండే వాక్యాలు. నేల మీద ఉన్న కొత్త గీత ముందు నేను ఆగాను, అక్కడ ఆగడమే సరైనది. అక్కడ రెండు గీతలున్నాయని, ఆ చోటికి నేను కొత్తనని టవరుకు చెప్పవలసింది, చెప్పలేదు, చెప్పి ఉంటే మూడో విమానం తిరిగి పైకి పోవలసిన పని ఉండేది కాదు. సంతకం చేసి, ఫొటో తీసి మేనేజరుకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది. రేపు మన పైలట్ బాబాయి వచ్చి విమానం తీసుకుంటాడు, నువ్వు సాయంత్రం బస్సుకు వచ్చేసెయ్.

మూడో రోజు పొద్దున్నే టవరు కింది ఆఫీసుకు వెళ్ళి ఒక నకలు ఇవ్వబోతే, ఆ కంట్రోలరే డ్యూటీ ఎక్కబోతూ ఎదురయ్యాడు. బరువైన గొంతు విని ఆమె పెద్ద మీసాలాయన్ని ఊహించుకుంది. చూస్తే బక్కపలచటి మనిషి, ముక్కు మీద జారే కళ్ళద్దాలు, చేతిలో టిఫిన్ డబ్బా. నిలబడే ఉత్తరం చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఈ రెండోది కొట్టేయండి మేడం. మొదటిదొక్కటీ చాలు, గీత మీ పక్షానే ఉంది. రెండోది ఉంచితే అందరూ దాన్నే పట్టుకుంటారు."

"పట్టుకోనివ్వండి. జరిగింది అదేగా."

"మరి నా సంగతి రాయలేదేం?"

"మీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుందండీ? నాకు తెలిసింది రాశాను."

అతను టిఫిన్ డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. విమానం నంబరు చూడగానే మీరు ఈ ఊరికి కొత్తని నాకు తెలుసన్నాడు. గీత సంగతి చెప్పొచ్చు, చెబితే మూడు నెలలుగా అందరినీ దాటనిస్తున్నానని నా నోటితో నేనే రికార్డు చేసుకున్నట్టవుతుందని ఊరుకున్నాను అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. ఇక ఏ మాటా ఇవ్వకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నకలు మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి బాబాయి వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ పైలట్, ముందు బొజ్జ వచ్చి వెనక మనిషి వస్తాడు. వరస ఏదీ లేకపోయినా కంపెనీలో పైలట్లంతా అలాగే పిలుస్తారు. ఆమె మీద జాలి పడ్డాడు, మేనేజరును నాలుగు తిట్టాడు. ఆమె విమానం కాగితాలు, తాళం అప్పగించి, దారి గీసి చూపించబోయింది. అతను కాగితం వైపు చూడనుకూడా లేదు.

"అవన్నీ ఎందుకమ్మా, టవరునే అడుగుతాను. వాళ్ళున్నది అందుకేగా."

కెమెరా ఆయన ఎక్కేముందు ఆమె చేతిని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కెప్టెనమ్మా అన్నాడు గానీ ఈసారి అందులో వేళాకోళం లేదు. విమానం కదిలింది. తన చేతులు లేకుండా అది కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పక్కన మేస్త్రి రంగు మిషను ఆపి, నడుముకున్న రేడియో గొంతు పెంచాడు.

బాబాయి గొంతు మైదానమంతా వినబడేలా వచ్చింది. ఈ ఊరికి కొత్తవాణ్ణి, కాస్త చెయ్యి పట్టుకుని నడిపించండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ వంటింటి దారి ఎత్తలేదు. కంట్రోలరు మర్యాదగా ఒక్కో మలుపూ చెప్పుకుంటూ వచ్చాడు. పదకొండేళ్ళ ఎర్ర పెన్సిళ్ళు ఆమె కళ్ళముందు కదిలాయి. తాను నిప్పుల మీద నడిచినట్టు నడిచిన దారిలో ఆయన పెళ్ళికి వెళ్ళినట్టు వెళుతున్నాడు. ఆ మంచి మనిషి మీద ఆమెకు ఆ నిమిషంలో చెప్పలేనంత కోపం వచ్చింది.

కూడలి దాటేముందు కంట్రోలరు గొంతు ఒక్కసారి తడబడి, మళ్ళీ నిలదొక్కుకుంది. ముందు కనబడే మొదటి గీతే అసలు గీత, బోర్డును చూడకుండా దాని దగ్గరే ఆగండి అన్నాడు. వెనక వస్తున్న ప్రయాణికుల విమానాన్ని కూడలికి ఇవతలే ఆగమన్నాడు. అది ఎప్పటినుంచి అని వెనక కెప్టెను విసుగ్గా అడిగాడు. మూడు నెలల నుంచి అని కంట్రోలరు చెప్పాడు. అంతా రికార్డయింది. బాబాయి విమానం గీత ముందు ఆగింది. వెనకది కూడలికి ఇవతల ఆగింది. దిగిన విమానమొకటి తాపీగా ఆ కూడలి గుండా బయటికి వచ్చేసింది.

మేస్త్రి రేడియో గొంతు తగ్గించాడు. రంగు మరకల చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

విమానం ఎగిరి, చుక్కై, కనుమరుగయ్యేదాకా ఆమె నిలబడింది. అందరూ ఎవరి పనిలోకి వాళ్ళు పోయారు. ఆ మైదానంలో ఆమెకు మాత్రమే పని లేదు. సంచీ భుజాన వేసుకుని ప్రహరీ నీడలోకి నడిచి, ఫ్లయింగ్ స్కూలు పెద్దాయనకు ఫోను చేసింది. మీరు మా కంపెనీని అడిగేముందు నేనే చెప్పాలనుకుంటున్నాను, నా మీద ఒక రిపోర్టు ఉంది, నన్ను విమానం దింపేశారు, నేను రాసిన రెండు వాక్యాలు చదువుతాను అంది. చదివింది. రెండోదాంట్లో ఒక్క ముక్కా వదల్లేదు.

ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆ రెండోది ఎవరు రాయమన్నారు?" అన్నాడాయన.

"ఎవరూ రాయమనలేదండీ. కొట్టేయమన్నారు."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఆయన దగ్గి, సోమవారం రాగలరా, పిల్లలు ఆరుగురు ఎదురు చూస్తున్నారు అన్నాడు. ఆమె వస్తానంది. బస్సు దిగాక స్కూలుకు దారి తెలుసా అని అడిగాడు.

తెలుసని అలవాటుగా అనబోయింది.

"తెలియదండీ," అంది. "మొదటినుంచీ చెప్పండి, రాసుకుంటాను."